వయసు మీదపడితే కణంలో చెత్త ఎందుకు పేరుకుపోతుంది?

ఏకాదశి వచ్చిందంటే వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతుంది. ఉపవాసం ఉంటే శరీరం తన చెత్తను తానే తినేస్తుందని, ఈ సంగతి కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్తకు నోబెల్ వచ్చిందని, మన పెద్దలకు ఇదంతా ఎప్పుడో తెలుసని దాని సారాంశం. 2016లో వైద్య నోబెల్ యొషినొరి ఒసుమికి వచ్చిన మాట నిజమే. కాకపోతే ఆయన మనుషుల్ని ఉపవాసం ఉంచలేదు. పస్తు పెట్టింది ఈస్ట్‌ను.

ఆ ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే వృద్ధాప్యం గుట్టు కూడా చాలావరకు అందులోనే ఉంది. ఈస్ట్ కణంలో వాక్యుయోల్ అనే సంచి ఉంటుంది. మన కణాల్లో చెత్తను కరిగించే లైసోజోమ్ అనే సంచి చేసే పనే అక్కడ అది చేస్తుంది. లోపలికి వచ్చిన సరుకును ఎంజైములు వెంటనే కరిగించేస్తాయి కాబట్టి మైక్రోస్కోపు కింద పెట్టి ఎంతసేపు చూసినా ఏమీ కనబడదు. ఒసుమి ఆ జీర్ణ ఎంజైములు లేని ఈస్ట్ రకాన్ని ఎంచుకుని, దానికి నైట్రోజన్ అందకుండా చేశారు. సరుకు లోపలికి వెళ్లడం ఆగలేదు, కరగడం మాత్రం ఆగింది. కొద్ది గంటల్లో వాక్యుయోల్ నిండా గుండ్రటి బుడగలు కిక్కిరిసి, మామూలు మైక్రోస్కోపుకే కనిపించాయి. ఈ ఫలితం 1992లో వెలువడింది. బుడగలు తయారు చేయలేని ఈస్ట్‌లను ఏరి, ఆ పనికి కావలసిన 15 జన్యువులను 1993లో ప్రకటించారు. కణం తన చెత్తను తానే మూటకట్టి కరిగించుకునే ఈ పనికి బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్ ఆటోఫజీ అని పేరు పెట్టింది 1963లో. అంటే పేరుకూ జన్యువులకూ మధ్య ముప్పై ఏళ్లు గడిచాయి.

ఒసుమి ప్రయోగశాలలో కావాలని చేసిన పనినే వయసు మన కణాల్లో మెల్లగా చేసుకుపోతుంది. చెత్త మూటలు కట్టడం కొంత తగ్గుతుంది, అది నిజం. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, కట్టిన మూటలు కరగవు. ‘ఆటోఫజీని ఆన్ చేసే’ చిట్కాలలో చాలావాటికి ఈ రెండో సగం సంగతి పట్టదు.

కణానికి ఉన్న శుభ్రత మార్గాలు ప్రధానంగా రెండు. మొదటిది ప్రోటియాసోమ్. పాడైన ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గొలుసుగా తగులుకుంటుంది, ఆ గుర్తు చూసి ప్రోటియాసోమ్ దాన్ని లోపలికి లాగి ముక్కలు చేస్తుంది. యుబిక్విటిన్ పద్ధతిని కనుగొన్న చీకనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో రసాయన నోబెల్ దక్కింది. ప్రోటియాసోమ్ ద్వారం వెడల్పు 1.3 నానోమీటర్లే. మడతలు విప్పిన ఒక్క ప్రోటీన్ దారంలా దూరగలదంతే. ముద్దకట్టిన ప్రోటీన్లు, చెడిపోయిన మైటోకాండ్రియా (కణానికి శక్తిని తయారు చేసే భాగాలు), కొవ్వు బిందువులు, కణంలో చొరబడ్డ బ్యాక్టీరియా అందులో పట్టవు. వాటికి రెండో మార్గమైన ఆటోఫజీయే దిక్కు.

ఆ పని జరిగే క్రమం ఇది. కణానికి అమైనో ఆమ్లాలు, ఇన్సులిన్ అందుతున్నంతసేపు ఎంటార్ అనే ఎంజైము చురుగ్గా ఉండి, ఆటోఫజీని మొదలుపెట్టే యూఎల్‌కే1ను అణచి ఉంచుతుంది. ఆహారం తగ్గితే ఎంటార్ పట్టు సడలుతుంది. శక్తి నిల్వలు అడుగంటితే ఏఎంపీకే అనే మరో ఎంజైము యూఎల్‌కే1ను నేరుగా తట్టి లేపుతుంది. అప్పుడు బెక్లిన్‌-1, వీపీఎస్‌34 ఉన్న బృందం ఒక చోట పొరను సిద్ధం చేస్తుంది. ఏటీజీ5, ఏటీజీ12, ఏటీజీ16ఎల్‌1 కలిసి ఎల్‌సీ3 అనే ప్రోటీన్‌ను ఆ పొర కొవ్వుకు అతికిస్తాయి. పొర గిన్నెలా వంగి, పెరిగి, చెత్తను చుట్టుకుని మూసుకుంటుంది. ఈ రెండు పొరల సంచే ఆటోఫాగోసోమ్, అడ్డుకొలత 0.5 నుంచి 1.5 మైక్రోమీటర్లు. ఏది చెత్త అన్నది పీ62 లాంటి ప్రోటీన్లు తేలుస్తాయి. ఒక చేత్తో యుబిక్విటిన్ గుర్తును, రెండో చేత్తో ఎల్‌సీ3ని పట్టుకుని సరుకును లోపలికి చేరుస్తాయి. చివరికి సంచి వెళ్లి లైసోజోమ్‌తో కలిసిపోతుంది. లైసోజోమ్ లోపల ఆమ్లత పీహెచ్ 4.5–5 మధ్య ఉంటుంది. అక్కడి దాదాపు 60 రకాల ఎంజైములు ఆ పులుపులోనే సరిగ్గా పనిచేస్తాయి. కరగగా వచ్చిన అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలు తిరిగి కణానికే అందుతాయి.

ఆకలిగా ఉన్నప్పుడే ఇదంతా జరుగుతుందనుకోవడం పొరపాటు. కడుపు నిండా తిన్నా కొద్దిపాటి ఆటోఫజీ ప్రతి కణంలో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ముఖ్యంగా నాడీకణాలకు అదే ప్రాణం. 2006లో జపాన్‌కు చెందిన రెండు బృందాలు చిట్టెలుకల నాడీకణాల్లో మాత్రమే ఏటీజీ5ను, ఏటీజీ7ను తొలగించి చూశాయి. ఎలాంటి జబ్బు జన్యువూ లేకపోయినా ఆ ఎలుకల నడక తడబడింది, మెదడు కణాల్లో యుబిక్విటిన్ అంటిన ప్రోటీన్ ముద్దలు తేలాయి. చర్మ కణమో పేగు కణమో అయితే విభజన జరిగినప్పుడల్లా చెత్త రెండు కణాలకు పంచుకుపోయి పలచబడుతుంది. నాడీకణం, గుండె కండర కణం దాదాపు జీవితాంతం విభజన చెందవు, వాటి చెత్త వాటి దగ్గరే ఉంటుంది. వయసు ప్రభావం మెదడులో, గుండెలో ముందుగా కనబడడానికి ఇదొక కారణం.

ఇక వయసుతో ఎక్కడెక్కడ చెడుతుందో చూద్దాం. సంచి తయారీలోనే కొంత లోపం వస్తుంది. వయసు మళ్లిన చిట్టెలుకల నాడీకణాల చివర్లలో సంచులు సగంలోనే ఆగి, వంకరగా మిగిలిపోవడాన్ని 2019లో గమనించారు. విప్‌ఐ2బీ అనే ఒక్క ప్రోటీన్‌ను అదనంగా అందిస్తే తయారీ మళ్లీ ఊపందుకుంది. తరువాత రవాణా. నాడీకణం తోక చివరన పుట్టిన సంచి కణదేహం దాకా వెనక్కి ప్రయాణించాలి. వెన్నుపాము నుంచి కాలి దాకా సాగే నాడుల్లో ఆ దూరం మీటరు వరకు ఉంటుంది. దారి మందగిస్తే సంచులు మధ్యలో గుంపులు కడతాయి.

అసలు చిక్కు చివరి మెట్టులో ఉంది. లైసోజోమ్ పొరలో ప్రోటాన్లను లోపలికి తోడే ఒక పంపు ఉంటుంది, పులుపును నిలబెట్టేది అదే. ఆ పంపు బలహీనపడితే పీహెచ్ పెరుగుతుంది, అంటే పులుపు తగ్గుతుంది, ఎంజైములు ఉన్నా పనిచేయవు. హ్యూస్, గాట్ష్లింగ్ 2012లో ఈస్ట్‌లో చూపించిన సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. తల్లి కణంలో వాక్యుయోల్ ఆమ్లత జీవితం తొలి దశలోనే తగ్గడం మొదలవుతుంది, మైటోకాండ్రియా దెబ్బతినేది ఆ తరువాతే. పంపు భాగాలను ఎక్కువగా తయారు చేయించి ఆమ్లతను నిలబెడితే కణం ఎక్కువ కాలం బతికింది. మైటోకాండ్రియా పాడవడమే ముసలితనానికి మూలమని అందరూ అనుకుంటున్న రోజుల్లో, అంతకు ముందే చెడుతున్నది మరొకటి ఉందని ఈ ప్రయోగం తేల్చింది. అల్జీమర్స్‌లోనూ ఇదే పోలిక కనబడుతోంది. న్యూయార్క్‌లో రాల్ఫ్ నిక్సన్ బృందం 2022లో ఐదు రకాల అల్జీమర్స్ నమూనా ఎలుకల్ని పరిశీలించింది. కణం బయట అమిలాయిడ్ అనే ప్రోటీన్ గడ్డలు ఏర్పడక ముందే లోపల ఆమ్లత తగ్గిన సంచులు అమిలాయిడ్‌తో నిండి, కేంద్రకం చుట్టూ పూరేకుల్లా ఉబ్బి ఉన్నాయి.

కరగనిదంతా ఏమవుతుంది? లిపోఫసిన్ అనే గోధుమరంగు పదార్థంగా గట్టిపడుతుంది. ప్రోటీన్లు, కొవ్వులు ఒకదానికొకటి అతుక్కుపోయి, మధ్యలో ఇనుము చేరి తయారయ్యే ముద్ద ఇది. ఏ ఎంజైమూ దీన్ని విడదీయలేదు. అయినా కణం కొత్త ఎంజైములను ఆ ముద్దలున్న లైసోజోమ్‌లకే పంపుతూ ఉంటుంది, కొత్త చెత్తకు చాలకుండా పోతాయి. స్వీడన్‌లో టెర్మన్, బ్రుంక్ ఏనాడో చెప్పిన లెక్క ఇది: లిపోఫసిన్ పెరిగితే ఆటోఫజీ తగ్గుతుంది, పాడైన మైటోకాండ్రియా మిగిలిపోతాయి, అవి వదిలే చురుకైన ఆక్సిజన్ రూపాల వల్ల లిపోఫసిన్ ఇంకా పెరుగుతుంది. కంటి రెటీనా వెనుక పొరలోని కణాలు వెలుతురును పసిగట్టే కణాల కొసలను రోజూ మింగి అరిగించుకోవాలి. అంత పని ఉన్న చోట లైసోజోమ్ మందగిస్తే నష్టం త్వరగా బయటపడుతుంది. కీళ్లవాతానికి ఏళ్ల తరబడి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారికి రెటీనా పరీక్షలు చేయించమని డాక్టర్లు చెప్పేదీ ఈ పొర ఆరోగ్యం కోసమే. మలేరియా మందు క్లోరోక్విన్, దాని బంధువైన ఈ మందు రెండూ లైసోజోమ్‌లో చేరి పులుపును విరిచేసేవే.

ఆటోఫజీలోనే సంచితో పనిలేని మరో దారి కూడా ఉంది. కొన్ని ప్రోటీన్లలో ఐదు అమైనో ఆమ్లాల ఒక వరుస ఉంటుంది. దాన్ని ఒక సహాయక ప్రోటీన్ గుర్తుపట్టి, లైసోజోమ్ పొర మీది ల్యాంప్‌2ఏ అనే ద్వారం దగ్గరికి తెచ్చి లోపలికి తోస్తుంది. వయసు మళ్లిన ఎలుకల్లో ఈ ద్వారాల సంఖ్యే తగ్గిపోతుంది. ఆనా మరియా క్వెర్వో బృందం 2008లో చిట్టెలుకల కాలేయంలో ఈ ద్వారాన్ని తగ్గకుండా నిలబెట్టి చూసింది. 22 నెలల ముసలి ఎలుక కాలేయం పనితీరులో పడుచు ఎలుక కాలేయానికి దగ్గరగా వచ్చింది. వృద్ధాప్య పరిశోధనలో ఇంత స్పష్టమైన ఫలితాలు తక్కువ. ఒకే అవయవంలో చేసినందువల్లనే అంత స్పష్టత వచ్చిందనిపిస్తుంది.

పాడైన మైటోకాండ్రియా తొలగకపోతే శక్తి తగ్గడంతో కథ ఆగదు. మామూలుగా మైటోకాండ్రియా పొర విద్యుత్ పీడనం పడిపోతే పింక్‌1 అనే ప్రోటీన్ దాని మీద పేరుకుంటుంది, పార్కిన్ అనే మరో ప్రోటీన్‌ను పిలుస్తుంది, పార్కిన్ యుబిక్విటిన్ గుర్తులు వేస్తుంది, సంచి వచ్చి చుట్టుకుంటుంది. ఈ రెండింటి జన్యువుల్లో లోపం పుట్టుకతో వస్తే చిన్న వయసులోనే పార్కిన్సన్స్ వస్తుంది. గుర్తు పడని మైటోకాండ్రియా నుంచి దాని డీఎన్‌ఏ కణద్రవంలోకి కారితే, బ్యాక్టీరియా చొరబడిందనుకుని కణం రోగనిరోధక అలారం మోగిస్తుంది. ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండానే పెద్దవయసులో ఒంట్లో రగిలే సన్నటి వాపుకు ఇదొక మూలం. కండరాల మూలకణాల సంగతీ అంతే. ఆటోఫజీ ఆగిన ముసలి మూలకణాలు నిద్రాణస్థితి తప్పి శాశ్వతంగా విభజన మానేస్తాయని 2016లో స్పెయిన్ బృందం చూపింది. వృద్ధాప్య లక్షణాల జాబితాను 2013లో తొమ్మిదిగా ప్రకటించిన లోపెజ్-ఓటిన్, సహచరులు 2023లో దాన్ని పన్నెండుకు పెంచినప్పుడు ఆటోఫజీ లోపానికి విడిగా ఒక స్థానం ఇచ్చారు.

మరి ఆటోఫజీని పెంచితే ఆయుష్షు పెరుగుతుందా? జంతువుల్లో పెరిగింది. ఇన్సులిన్ తరహా సంకేతం తగ్గిన సీ. ఎలిగాన్స్ పురుగులు మామూలు వాటికన్నా రెట్టింపు కాలం బతుకుతాయి. ఆటోఫజీ జన్యువు బీఈసీ-1ను అణిచేస్తే ఆ అదనపు ఆయుష్షు పోయిందని 2003లో తేలింది. ఏటీజీ5ను శరీరమంతటా ఎక్కువ చేసిన చిట్టెలుకల మధ్యస్థ ఆయుష్షు 17.2 శాతం పెరిగిందని 2013లో కొరియా బృందం ప్రకటించింది. బెక్లిన్‌-1ను అణచే పట్టును వదులు చేసిన ఎలుకలూ ఎక్కువ కాలం, ఆరోగ్యంగా బతికాయి. అది 2018 నాటి మాట.

ఉత్సాహపడే ముందు రెండో వైపు కూడా చూడాలి. అదే పురుగుల్లో, సంతానం కనే వయసు దాటాక ఆటోఫజీ ప్రారంభ జన్యువులను అణిస్తే అవి ఎక్కువ కాలం బతికాయని 2017లో జర్మనీ బృందం చెప్పింది. ముసలి పురుగులో చివరి మెట్టు చెడిపోయి ఉంటే, మొదటి మెట్టును నడపడం వల్ల సగంలో ఆగిన మూటలే మిగులుతాయి. డంపింగ్ యార్డు గేటు మూసి ఉండగా చెత్త బండ్లు పెంచినట్టు. ఎలుకల కొవ్వు కణజాలం ఇంకో తిరకాసు. ఆటోఫజీకి కళ్లెం వేసే రుబికాన్ అనే ప్రోటీన్ చాలా అవయవాల్లో వయసుతో పెరుగుతుంది, కొవ్వు కణాల్లో మాత్రం తగ్గుతుంది. అక్కడ ఆటోఫజీ మితిమీరి, కొవ్వు కణం పనితీరే దెబ్బతిని, కాలేయంలో కొవ్వు చేరుతుంది. ఇక క్యాన్సర్. 2020లో కేంబ్రిడ్జి బృందం చిట్టెలుకల్లో ఏటీజీ5ను కొంతకాలం ఆపి, మళ్లీ విడిచిపెట్టింది. ఆపినప్పుడు తొందరగా ముసలివయ్యాయి. విడిచాక కొన్ని లక్షణాలు వెనక్కి తగ్గాయి, కానీ కణితులు ఎక్కువయ్యాయి. పేరుకున్న నష్టాన్ని మోస్తున్న కణానికి మళ్లీ తిండి, బలం అందిస్తే అది ఏ దారి పడుతుందో చెప్పలేం. ఈ కారణంగానే ‘ఆటోఫజీ బూస్టర్’ అని అమ్మే ప్రతి గుళికనూ అనుమానంగానే చూడాలి.

అసలు మనిషిలో దీన్ని కొలవడమే కష్టం. ప్రయోగశాలలో వాడుక కొలమానం ఎల్‌సీ3-2, అంటే పొరకు అతుక్కున్న ఎల్‌సీ3. కణంలో ఇది పెరిగితే రెండు అర్థాలు రావచ్చు: కొత్త సంచులు ఎక్కువ తయారవుతున్నాయి, లేదా పాతవి కరగడం లేదు. ఒక్క నమూనా తీసి చూస్తే ఈ రెండిటికీ తేడా తెలియదు. అందుకని ఒకే నమూనాను రెండు భాగాలు చేసి, ఒక భాగంలో క్లోరోక్విన్‌తోనో బాఫిలోమైసిన్‌తోనో కరగడాన్ని ఆపేస్తారు. రెండిటి మధ్య తేడా ఎంత ఎక్కువ ఉంటే, మూట కట్టడం నుంచి కరగడం దాకా సాగే ప్రవాహం అంత బాగున్నట్టు. తేడా లేకపోతే ఎల్‌సీ3-2 ఎంత ఎక్కువున్నా దారి మూసుకుపోయినట్టే. పీ62 కూడా ఆటోఫజీలోనే కరుగుతుంది కాబట్టి అది పేరుకోవడం చెడ్డ సూచనే. అయితే దాని తయారీ వేరే కారణాల వల్ల కూడా పెరగొచ్చు, ఒక్కదాన్నే నమ్ముకుని లాభం లేదు. మనిషికి అంత మోతాదు క్లోరోక్విన్ ఇచ్చి కాలేయమో మెదడో తీసి చూడలేం. ఆస్ట్రేలియాలో అడిలైడ్ పరిశోధకులు తీసిన రక్తాన్ని వెంటనే క్లోరోక్విన్‌తో కలిపి, తెల్ల రక్తకణాల్లో ప్రవాహాన్ని కొలిచే పద్ధతి తెచ్చారు. మంచి పద్ధతే, కానీ రక్తకణం చెప్పే లెక్క మెదడుకు వర్తించదు.

ఈ నేపథ్యంలో ‘16 గంటలు తినకపోతే ఆటోఫజీ మొదలవుతుంది’ అన్న మాట ఎక్కడిదో ఊహించవచ్చు. ఉపవాసం మీద గట్టి ఆధారాలన్నీ ఎలుకలవే. చిట్టెలుక జీవక్రియ వేగం వేరు. ఒక్క రోజు పస్తుంటే అది శరీర బరువులో పదో వంతుకు పైగా కోల్పోతుంది, మనిషికి అది చాలా రోజుల ఉపవాసంతో సమానం. పైగా ఎల్‌సీ3కి మెరిసే రంగు తగిలించిన ఎలుకలను 24 గంటలు పస్తు పెడితే కాలేయంలో, కండరాల్లో సంచులు విపరీతంగా పెరిగాయి, మెదడులో ఆ మార్పు కనబడలేదు. ఇది 2004 నాటి పరిశీలన. ఆకలిగా ఉన్నప్పుడు మెదడుకు గ్లూకోజ్, కీటోన్లు (కొవ్వు కరిగితే వచ్చే ఇంధనం) అందించే బాధ్యత మిగతా శరీరానిది. అందువల్ల మెదడు తనను తాను అరిగించుకోవలసిన అవసరం తక్కువ.

రాపామైసిన్ అనే మందు ఎంటార్‌ను నేరుగా అణుస్తుంది. ఈస్టర్ దీవి మట్టి నుంచి దొరికిన ఈ పదార్థాన్ని వెలికితీసిన బృందానికి భారత సంతతి శాస్త్రవేత్త సురేన్ సెహగల్ నాయకుడు. 600 రోజుల వయసున్న, అంటే మనిషి లెక్కలో అరవై ఏళ్ల ఎలుకలకు ఇవ్వడం మొదలుపెట్టినా ఆడవాటి ఆయుష్షు 14 శాతం, మగవాటిది 9 శాతం పెరిగిందని 2009లో తేలింది. మన దగ్గర ఇది సిరోలిమస్ పేరుతో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి వాడే మందు. నోటి పూత, కొలెస్ట్రాల్, ట్రైగ్లిసరైడ్లు పెరగడం, గాయాలు ఆలస్యంగా మానడం దాని దుష్ప్రభావాలు. ఆరోగ్యవంతులు యవ్వనం కోసం సొంతంగా కొనుక్కుని వాడేది కాదు. ఆహారంలో సహజంగా దొరికే స్పెర్మిడిన్ అనే పదార్థం ఈస్ట్, ఈగ, పురుగుల్లో ఆయుష్షు పెంచింది. జర్మనీలో 100 మంది పెద్దవారికి రోజుకు 0.9 మిల్లీగ్రాముల చొప్పున ఏడాది పాటు ఇచ్చిన పరీక్షలో జ్ఞాపకశక్తికి లాభమేమీ కనబడలేదని 2022లో ప్రకటించారు. సోయా, పుట్టగొడుగులు, గోధుమ మొలక భాగంలో ఇది ఎలాగూ ఉంటుంది.

ఇంతవరకు ఖర్చు లేని, వాదన తక్కువున్న మార్గం వ్యాయామం. ఆటోఫజీ పెరగడానికి వీల్లేకుండా బీసీఎల్‌2 జన్యువును మార్చిన ఎలుకలు ట్రెడ్‌మిల్ మీద తొందరగా అలిసిపోయాయి, కొవ్వు తిండి పెట్టినప్పుడు వ్యాయామం వల్ల రావలసిన షుగర్ అదుపు వాటికి దక్కలేదు. వ్యాయామం మేలులో ఆటోఫజీకి కొంత వాటా ఉందనడానికి 2012 నాటి ఈ ప్రయోగం ఆధారం.

అరవై దాటినవారు పొడవాటి ఉపవాసాలకు దిగితే లెక్క తిరగబడవచ్చు. ఆ వయసులో కండరం తరుగుదల అప్పటికే నడుస్తూ ఉంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. వృద్ధులకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి 2013లో సూచించింది, అంటే 60 కిలోల మనిషికి 60–72 గ్రాములు. ఒంటిపూట భోజనంతో, అదీ అన్నం, పులుసు, మజ్జిగ తింటే ఆ లెక్కలో సగం కూడా చేరదు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ అంకెలు వర్తించవు, వారి మోతాదు వేరు.

షుగర్ మందులు వాడేవారి విషయం మరీ జాగ్రత్త. గ్లిమిపిరైడ్ లాంటివి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి కాబట్టి పస్తుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చు. ఇన్సులిన్ ఇంజెక్షన్లకూ అదే ప్రమాదం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతూ రోజంతా తినకుండా ఉంటే రక్తంలో కీటోన్లు ప్రమాదకరంగా పేరుకోవచ్చు. గ్లూకోమీటరులో అంకె పెద్దగా పెరగకపోవచ్చు కాబట్టి వాంతులు, ఆయాసం, కడుపునొప్పి వచ్చినా గ్యాస్ అనుకుని ఊరుకుంటారు. అలాంటప్పుడు అడగవలసింది కీటోన్ పరీక్ష. ఈ మందుల మోతాదు మార్చాలో, ఏ రోజు ఆపాలో ఉపవాసానికి ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.